తనంత తానే లేచే చెయ్యి

“నేను లేస్తె నీకేం నొప్పే? కాళ్లు నాయి. లేసేది నేను.”

“లేసుడు వద్దంటున్న. పెండ్లినాటి సంది లేస్తనే ఉన్నవ్. ఇగ చాలు.”

“ముల్లు ఎత్తి పెట్టనీకి గూడ మిషనేనా? అన్నం కలిపి నోట్ల పెట్టేది గూడ ఒకటి కొనుక్కరా పో.”

“దొరికితె తెస్తుంటి. అన్నం ముందర గూడ ఏనాడన్న కుదురుగ కూసున్నవా నువ్వు?”

ఈ మాటలు మా ఇంట్లో అనుకున్నవి కావు. కోఠిలో రికార్డు ప్లేయర్లు అమ్మే ఒక దుకాణంలో, నలుగురూ వింటుండగా, నేనూ మా ఇంటాయనా అనుకున్నవి. బల్లకు అవతల దుకాణదారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవతల మా మనుమరాలు, మేమెవరో తనకు తెలియనట్టు, గోడకున్న గడియారం వైపు చూస్తోంది.

బల్ల మీద మూడు మిషన్లు ఉన్నాయి. ఒకటి ఎర్ర సూట్‌కేసులాంటిది. మూత తెరిస్తే అందులోనే అన్నీ ఉంటాయి. రెండోది నల్లది, పల్చనిది. ముల్లున్న దాని చెయ్యి మనమే ఎత్తి రికార్డు మీద పెట్టాలి, పాట అయ్యాక మనమే తీయాలి. మూడోదానికి ముందువైపు ఒక మీట ఉంది. అది నొక్కితే చెయ్యి తనంత తానే లేచి వచ్చి రికార్డు మీద వాలుతుంది. పాటలయ్యాక మళ్లీ తనంత తానే లేచి వెళ్లి తన చోట పడుకుంటుంది.

ఆయనకు రెండోది కావాలి. నాకు మూడోది కావాలి. నాకు అదే ఎందుకు కావాలో చెప్పాలంటే మా పెళ్లి సంగతి చెప్పాలి.

మా ఇంటాయన మైకు సెట్టు మనిషి. ఇప్పటి పిల్లలకు మైకు సెట్టంటే ఏమిటో తెలియదు. ఆ రోజుల్లో పెళ్లయినా, జాతరయినా, ఇంటి కప్పు మీదో వేపచెట్టు మీదో ఇనుప గుమ్మడిపూలలాంటి హారన్లు రెండు కట్టేవాళ్లు. పందిట్లో ఒక మూల బల్ల వేసి, దాని మీద రికార్డు ప్లేయరు, కింద కారు బ్యాటరీ. పాట మొదలయిందంటే ఊరందరికీ పిలుపు అందినట్టే. పెళ్లి కాకముందు ఆయన ఇబ్రహీంపట్నంలో ఒక సెట్టు యజమాని దగ్గర పనిచేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అందరి పెళ్లిళ్లలో పాటలు వేసేవాడు.

మా పుట్టిల్లు రావిర్యాల. పెళ్లి మా వాకిట్లోనే జరిగింది. యజమాని మంచి మనిషి. “నీ పెండ్లికి సెట్టు ఉత్తగనే తీస్కపో” అని ఇచ్చాడు. ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు: “ముల్లు మీద నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడొద్దు.” మా ఇంటాయనకు మాటంటే మాటే. పసుపు బట్టలు కట్టుకుని, నుదుటికి బాసింగం కట్టుకుని పీటల మీదకు వచ్చి కూర్చున్నాడు గానీ చెవులు మాత్రం ఆ మూల బల్ల దగ్గరే ఉన్నాయి. అన్నీ చిన్న రికార్డులు. ఒక పక్క ఒకటో రెండో పాటలు, అంతే. పంతులు మంత్రం అందుకుంటాడు. పాట అయిపోతుంది. పెళ్లికొడుకు లేస్తాడు.

“పిలగాడేడి?” అని పంతులు అడుగుతాడు.

“రికార్డు తిప్పబోయిండు” అని పందిరంతా ఒక్కటే జవాబు.

మా మేనమామ నోరు ఊరుకునే నోరు కాదు. “ఓ అల్లుడా, పెండ్లి మా పిల్లతోనా, ఆ డబ్బతోనా? జల్ది చెప్పు, మంగళసూత్రం ఎవలికి కట్టాల్నో పంతులుకు ఎరుకైతలేదు” అని కేకేశాడు. ఆడవాళ్లు పైటచెంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేను తల వంచుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరూ చూడలేదు.

జీలకర్రా బెల్లం పెట్టే వేళకు మా ఇద్దరి నడుమ అడ్డుతెర పట్టుకున్నారు. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే రికార్డు అయిపోయింది. ముల్లు చివరి గీతలో పడి గర్రు గర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు హారన్లలోంచి ఊరంతా వినిపించింది. ఆ ఘడియలో కదలకూడదని పంతులు ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. ముల్లు అరిగిపోతున్నదని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. తల మీద చెయ్యి ఎంతగా వణికిందంటే బెల్లం జారి నా కనుబొమ్మల మీదకు వచ్చింది. పంతులు ‘ఇక తీయవచ్చు’ అనడమే ఆలస్యం, తెర కిందినుంచి దూరి పరుగు పెట్టాడు. తలంబ్రాలప్పుడూ అంతే. నేను రెండు దోసిళ్లు నిండా పట్టుకుని పోశాను, సగం ఖాళీ పీట మీద పడ్డాయి.

తర్వాత ఆయన సొంత సెట్టు పెట్టాడు. మస్తు నడిచింది. ఏ ఊళ్లో పెళ్లికి పోయినా ఆయన మూల బల్ల దగ్గర, నేను వంటల దగ్గరో ఆడవాళ్ల దగ్గరో. పాటలన్నీ నాకు నోటికి వచ్చు. కానీ ఒక రికార్డు ఒక పక్క మొదటినుంచి చివరిదాకా ఆయన నా పక్కన కూర్చుని ఉండగా విన్నది లేదు. ఇంట్లో వేసినా అంతే. ముల్లు పెట్టి వచ్చి మంచం పట్టె మీద కోడిలా కూర్చుంటాడు. పాట చివరికి వస్తోందని ముందే తెలిసి లేచిపోతాడు. నేను ఇది ఎన్నడూ అడగలేదు. అడిగే తీరికా లేదు, అడిగేంత పెద్ద సంగతి అనీ అనుకోలేదు. చిన్నదే. కానీ మనసులో ఉండిపోయింది.

ఊళ్లలోకి డీజే డబ్బాలు వచ్చాక మైకు సెట్లను అడిగేవాళ్లు లేకపోయారు. హారన్లు పాత ఇనుముకు పోయాయి. ప్లేయరును సజ్జ మీద పెడితే ఎలుకలు లోపలి వైర్లు కొరికేశాయి. రికార్డులు మాత్రం ఇనుప పెట్టెలో భద్రంగా ఉన్నాయి. మావైపు భూములన్నీ ప్లాట్లయి, మా ఇబ్రహీంపట్నం ఊరే సాగర్ రోడ్డు పొడవునా సాగింది. మా కొడుకు ఆ రోడ్డుకు కాస్త లోపలగా కొత్త ఇల్లు కట్టాడు. సామాను మారుస్తున్నప్పుడు ఆ పెట్టె ఎత్తలేక ఇద్దరు మనుషులు చతికిలపడ్డారు.

“ఏమున్నయి తాతా ఇండ్ల, బంగారమా?” అంది మనుమరాలు.

మూత తెరిచాడు. ఇక ఆ రోజు సామాను సర్దడం సాగలేదు. నేల మీద కూర్చుని ఒక్కో రికార్డు తీసి, ఇది ఏ ఊరి పెళ్లిలో వేసింది, ఇది ఎవరు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు అని ఆయన చెబుతుంటే ఆ పిల్ల నోరు తెరుచుకుని విన్నది. మనుమరాలు ఆదిభట్ల దగ్గర విమానాల సామాను చేసే కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరింది. నా పెళ్లి పందిరి వేసిన వాకిలికి అది ఎంతో దూరం కాదు. సాయంత్రానికి ఫోను పట్టుకుని వచ్చింది.

“తాతా, గిది చూడు, ఎర్ర సూట్‌కేసు. గిప్పుడు ఆర్డర్ పెడితె ఎల్లుండి ఇంటికొస్తది. ధర గూడ సస్త.”

“సస్త అని సద్దన్నం కొంటరా? ఫోన్ల బొమ్మ చూసి పైసలు పంపుడేంది?” అన్నాను నేను.

మా పుట్టిల్లు సేద్యం చేసిన ఇల్లు. విత్తనాలు కొనాలంటే ముందు గుప్పెడు తెచ్చి, తడిగుడ్డలో మూట కట్టి, మొలకలు చూసుకున్నాకే బస్తా తెచ్చేవాళ్లం. కొట్టువాడు దేవుడే అయినా సరే. పాటలు పాడే మిషనుకూ అదే పద్ధతి అన్నాను. మన రికార్డు మనం పట్టుకుపోవాలి, మన చెవితో వినాలి, నచ్చితేనే కొనాలి. ఇంకో మాట కూడా చెప్పాను. ఇంట్లో బట్టలుతికే మిషనుకు పెట్టినదాని మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టేది లేదు. బట్టలు రోజూ మాసిపోతాయి, పాటలు మాసిపోవు.

అలా ముగ్గురం ఇబ్రహీంపట్నం డిపోలో బస్సెక్కి కోఠికి వచ్చాం. చిన్న రికార్డులు మూడు, రెండు స్టీలు పళ్లేల నడుమ పెట్టి, పాత తువ్వాలుతో కట్టి నా ఒడిలో పెట్టుకున్నాను. బస్సులో పక్కనున్నావిడ, “ఏం తీస్కపోతున్నవ్ అక్కా, బూరెలా?” అని అడిగింది. అవునంటే అడుగుతుంది, కాదంటే చెప్పాలి. ఊరికే నవ్వాను.

దుకాణంలో మొదట ఎర్ర సూట్‌కేసు తెరిపించాను. మా రికార్డు కొద్దిగా వంగి ఉంది. ఎండలో, లారీల్లో, ఊళ్లు తిరిగిన రికార్డు కదా. చెయ్యి తేలిక. రికార్డు వంపు దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఎగిరి గంతేసింది. పాడిన మాటే మళ్లీ పాడింది. ఇంకోసారి గంతేసింది. దుకాణదారు ఏదో చెప్పబోయేలోపే మా ఇంటాయన చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ముల్లు తల మీద పెట్టేశాడు.

“తాతా! తాతా! ఏం చేస్తున్నవ్?” అని దుకాణదారు బల్ల మీదినుంచి సగం వంగాడు.

“ఏం కాదు బిడ్డా. పందిట్ల పోరగాండ్లు ఎగిరినప్పుడు గిట్లనే పెడుతుంటిమి. రూపాయి పెడితె ముల్లు ఇగ జరగదు.”

ముల్లు జరగలేదు, నిజమే. కానీ ఆ బరువుకు మిషనే జరగలేకపోయింది. పాట మెల్లమెల్లగా సాగి, జ్వరమొచ్చినవాడి మూలుగులా అయింది. దుకాణదారు రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టి, “రికార్డును నాగలి లెక్క దున్నుతది తాతా ఇది. గీతలన్ని పోతయి” అన్నాడు. మనుమరాలి ముఖం ఎర్ర సూట్‌కేసు రంగుకు వచ్చింది. నాకు నవ్వాగలేదు. ఆ రూపాయి బిళ్లలు పెట్టీ పెట్టీ మా రికార్డులలో సగం ఎలా గరగరలాడుతున్నాయో అప్పుడు తెలిసింది.

“గిది వద్దు” అన్నాను. సూట్‌కేసు పక్కకు పోయింది.

రెండోది నల్లది. చెయ్యి వెనక ఒక చిన్న బరువు ఉంది. దాన్ని తిప్పి ముల్లు ఎంత నొక్కాలో సరిచేయవచ్చు. వంపు దగ్గర ముల్లు కుదురుగా ఎక్కి దిగింది. మా ఇంటాయన కళ్లు వెలిగాయి. చెయ్యి ఎత్తడం, పెట్టడం, ఎత్తడం, పెట్టడం. వేళ్లకు పాత పని దొరికింది. మూడోదీ అట్లాంటిదే, పైగా మీట ఉంది. దుకాణదారు మీట నొక్కాడు. చెయ్యి లేచింది, వచ్చింది, చిన్న రికార్డు అంచు మీద నెమ్మదిగా వాలింది. పాట వినిపించింది. అయిపోగానే ఎవరూ ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది.

నేను ఇంకోసారి వేయించాను. ఇంకోసారి.

“నాకు గిదే కావాలె” అన్నాను.

“నానమ్మా, అదే ధరకు నల్లదే మంచిదంట. నేను మస్తు చదివిన. ఆటోమేటిక్‌ల పార్టులు ఎక్కువుంటయ్. పాట వినేటోళ్లందరు చేత్తోనే పెట్టుకుంటరు” అంది మనుమరాలు.

“పాట వినేటోళ్లు పెట్టుకోనియ్యి. నేను పెట్టుకోను.”

“నువ్వెందుకు పెడుతవ్? తాత పెడుతడు.”

“గదే వద్దంటున్న.”

అక్కడ మొదలైంది మీరు ముందు విన్న కొట్లాట. కాళ్లు నావి అని ఆయన, లేవొద్దని నేను. చివరికి మనుమరాలు గడియారం వైపు చూడడం మానేసి నా వైపు తిరిగింది.

“అసలు తాత లేస్తె నీకేమైతది నానమ్మా? మోకాళ్ల ఫికరా?”

“మోకాళ్లు గట్టిగనే ఉన్నయ్. పెండ్లినాడు పీటల మీది నుంచి లేసి రికార్డు తిప్పబోయిండు మీ తాత. నేను తలంబ్రాలు పోస్తె పీట మీద పడ్డయ్. అప్పటిసంది ఒక్క రికార్డు, ఒక్క పక్క, నా పక్కన కూసోని విన్నది లేదు. గా మిషన్ చెయ్యి దాని పని అది చేసుకుంటె ఈ మనిషి కూసుంటడు. అంతే.”

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి, “తలంబ్రాలు పీటకు పోసిన్రా అమ్మా?” అని మళ్లీ అడిగి మరీ నవ్వాడు. మా ఇంటాయన చెవులు ఎర్రబడ్డాయి.

“సెట్టు ఇచ్చిన సేటుకు మాట ఇచ్చిన. ఇంకో చెయ్యి పడొద్దన్నడు. ఎవడన్న గీకితె?” అన్నాడు చిన్న గొంతుతో.

“సేటు పోయిండు, సెట్టు పోయింది. ఇప్పుడన్న కూసో.”

ఆయన నల్ల మిషను మీద చెయ్యి ఒకసారి వేసి, తీసి, “గా మీటదే కట్టు బిడ్డా” అన్నాడు దుకాణదారుతో.

అంతమాత్రాన నేను కరిగిపోయి పైసలు కట్టలేదు. ముల్లు అరిగితే ముల్లు ఒక్కటే మార్చుకోవచ్చా, తల మొత్తం మార్చాలా అని అడిగాను. ముల్లు ఒక్కటే చాలన్నాడు. మీట చెడితే ఎవరు బాగుచేస్తారని అడిగాను. ఏడాదిలోపు తానే చేస్తానని బిల్లు మీద రాసిచ్చాడు. మోగాలంటే ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ కూడా కావాలన్నాడు. ఈ మిషను వెనక ఉన్న చిన్న మీట జరిపితే టీవీ స్పీకర్లకే తగిలించవచ్చని మనుమరాలే చెప్పింది. మా కొడుకు టీవీ కోసం పెద్ద స్పీకర్లు కొని వార్తలు వింటున్నాడు. వాటికీ ఒక పని దొరుకుతుంది. తుడిచే బ్రష్షు, సీసాలో నీళ్లు కూడా అంటగట్టబోయాడు. “మెత్తటి నూలు గుడ్డలు మా ఇంట్ల ఉన్నయ్, నీళ్లు నల్లాల వస్తయ్” అన్నాను. బిల్లు బట్టలుతికే మిషను ధరకు ఇవతలే ఆగింది.

ఇంటికి రాగానే మా ఇంటాయన పని మొదలుపెట్టాడు. షాబాదు బండ పరిచిన గూట్లో మిషను పెట్టి, దాని పళ్లెం మీద వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, నీళ్లు ఏ అంచుకు ఒరుగుతున్నాయో చూసి, కింద మడత పెట్టిన అట్టముక్కలు దోపాడు. పందిట్లో బల్ల ఎత్తుపల్లాలు సరిచేసిన చెయ్యి అది. మనుమరాలు వైర్లు తగిలించింది. నేను గది మధ్యలో చాప పరిచాను. చాప మీద ఆయనకు చోటు చూపించాను.

పెట్టెలో ఒక పెద్ద రికార్డు ఉంది, సన్నాయిది. ఒక పక్క చాలాసేపు పాడుతుంది. పెళ్లిళ్లలో ఆయన అన్నం తినే సమయానికి దాన్ని వేసుకునేవాడు. అది పెట్టమన్నాను. మీట నొక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెయ్యి తనంత తానే వెళ్లి రికార్డు మీద వాలింది. చిన్న చిటపట. ఆ తర్వాత సన్నాయి.

ఎంత బాగుందో నాకు రాయడం రాదు. మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఊరంతా వినాల్సిన సన్నాయి మా గదిలోకి వచ్చి చాప అంచున కూర్చున్నట్టుంది. కోడలు వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మనుమరాలు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను మాత్రం ఆయన్ను చూశాను. కూర్చున్నాడు. కానీ సన్నాయి సగానికి వచ్చేసరికి కుడిచెయ్యి మోకాలి మీద లేచి లేచి పడుతోంది. మిషను వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు, కూర్చుంటాడు. తన ఊరి స్టేజీ వస్తున్నా బస్సు ఆగదేమో అనుకునేవాడిలా ఉన్నాడు. చివరికి సన్నాయి ఆగింది. చెయ్యి లేచి వెళ్లిపోయింది. ఆయన లేవలేదు.

“అయిపాయె. కూసున్న, చూసినవా?” అన్నాడు, పరీక్ష రాసి వచ్చినవాడిలా.

“చూసిన” అన్నాను. మనసు నిండిపోయింది. ఆ పూట రెండో పక్క కూడా వేయించాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి చిన్న రికార్డు ఒకటి మోగుతోంది. ఆయన మిషను పక్కన నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాలు, చేతిలో నూలు గుడ్డ. పాట చివరికి వచ్చింది. మిషను చెయ్యి లేవబోయేలోపే ఈయన వేలు దాని కిందికి వెళ్లి మెత్తగా ఎత్తేసింది.

“అదే లేస్తది కద. జర ఆగరాదా?” అన్నాను.

“అది మెల్లగ లేస్తదే. గంతసేపు పాట లేకుంటె పందిట్ల జనం లేసి పోరా?”

“పందిరేది? జనమేరి?”

“నువ్వున్నవ్ కద.”

నేను వంటింట్లోంచి పీటా, చిక్కుడుకాయల గిన్నే తెచ్చుకుని, ఆయన కాళ్ల దగ్గర, మిషను పక్కనే వేసుకుని కూర్చున్నాను. ఆయన ఇంకో రికార్డు తీసి, తుడిచి, ముల్లు పెట్టాడు. ఆ పక్క అయ్యేసరికి చిక్కుడుకాయలు ఒలవడం అయిపోయింది. గిన్నె పక్కన పెట్టి, రెండో పక్క వేయమన్నాను.